రెండో దెబ్బ

మంగళవారం, 6

ఇవాళ మా ఇంట్లో దొంగ పడ్డాడు. నేను కొట్టాను. వాడి భుజం దగ్గర ఎముక విరిగింది. నాకేమీ కాలేదు. అత్తయ్యకేమీ కాలేదు. పీట కాలు ఒకటి ఊడింది.

ముప్పై ఏళ్లుగా కోర్టులో కూర్చుని ఊరందరి వాంగ్మూలాలూ టైపు చేస్తున్నదాన్ని, నాది నేను రాసుకోలేనా? ఇదిగో: "మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో నేను పెరటి వసారాలో దుప్పటి పిండుతుండగా, గుర్తు తెలియని వ్యక్తి వంటింటి కిటికీ గుండా ప్రవేశించి నా మీదకు రాగా, ప్రాణభయంతో తడి దుప్పటి వాని మీద విసిరి, చేతికందిన పీటతో ఒక్కసారి కొట్టితిని." కామాతో సహా సరిపోయింది. ప్రాణభయం లేకుండా కొట్టినవాణ్ని గానీ, చేతికందని వస్తువుతో కొట్టినవాణ్ని గానీ నా సర్వీసులో ఇంతవరకూ చూడలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి దుప్పటి ఎత్తి చూసి, "ఒరేయ్ మిట్టమధ్యాహ్నం! నువ్వా!" అన్నాడు. వాడి పేరే అదట. జనం భోంచేసి నడుం వాల్చే వేళకే దొంగతనానికి వెళతాడట, చీకటంటే భయమట. ఇవాళ నేను సగం రోజు సెలవు పెట్టానని వాడికెలా తెలుస్తుంది పాపం. వాడు దాహం అంటే మంచినీళ్లు పట్టించాను. నేను అక్కడ చెంబుతో తంటాలు పడుతుంటే, హాల్లో పోలీసులకి మొత్తం కథ చెప్పింది అత్తయ్య.

అత్తయ్యకి ఎనభై ఒకటి. ఎడమ చెవి వినపడదు, కుడి చెవి ఆవిడకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది. నోరు మాత్రం రెండు వైపులా పనిచేస్తుంది. సాయంత్రం ఎదురింటి టీచరమ్మతో అంటోంది: "మా కోడలు పులమ్మా, పులి!"

ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు. నా గురించి ఆవిడ నోట ఉప్పు ఎక్కువైంది, ఉప్పు తక్కువైంది అన్న రెండు ముక్కలే విన్నాను. బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి కడుపారా నవ్వుకున్నాను.

బుధవారం, 7

పాలవాడు పీట చూపించమన్నాడు. పోస్టుమ్యాన్ చూపించమన్నాడు. ఎవరో తెలియని ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చి, ఊడిన కాలు పట్టుకుని చూసి వెళ్లారు. ఆఫీసులో నేను అడుగు పెట్టగానే చప్పట్లు. పక్క కోర్టు టైపిస్టు, మేమంతా గడగడ అని పిలిచేది, నా దగ్గర పని నేర్చుకున్నదే, వచ్చి నన్ను గట్టిగా కావలించుకుని ఊపిరాడకుండా చేసింది. దొంగ చెయ్యలేని పని అది చేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కథ ముదిరింది. నిన్న దొంగ "పొడుగ్గా ఉన్నాడు". ఇవాళ పొద్దున వాడి తల గుమ్మానికి తగిలింది. సాయంత్రానికి ఇద్దరయ్యారు, రెండోవాడు నన్ను చూసి గోడ దూకాడు. గోరంతలు కొండంతలు చెయ్యడంలో మా అత్తయ్యను మించినవాళ్లు లేరు. నేను ఖండించలేదు. నిజం చెప్పాలంటే, రెండోవాడు నన్ను చూసి పారిపోవడం నాకూ నచ్చింది.

ఉల్లిపాయ కోద్దామంటే కత్తి కనబడలేదు. గొడవలో ఎక్కడో పడిపోయి ఉంటుంది.

గురువారం, 8

కత్తి ఇంకా దొరకలేదు.

శుక్రవారం, 9

ఇన్‌స్పెక్టరు సంతకానికి వచ్చాడు. నా వాంగ్మూలం చదివి, "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందండీ, మా రైటరుకి చూపిస్తాను" అన్నాడు. వెళుతూ వెళుతూ, "వాడు ఇన్నాళ్లూ చిల్లర దొంగే. ఈసారి కత్తి పట్టుకొచ్చాడంటే ముదిరాడన్నమాట. పిడి ఓ పక్క కాలిపోయిన కత్తి, ఎక్కడ దొంగిలించాడో ఏమో" అన్నాడు.

పిడి కాలిన కత్తులు ఊళ్లో చాలా ఉంటాయి. ఎవరింట్లో స్టవ్వు పక్కన కత్తి పెట్టుకోరు?

నా వాంగ్మూలంలో కత్తి మాట లేదు. కాబట్టి నేను అబద్ధం ఆడలేదు. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, నేను అబద్ధం ఆడలేదు.

సాయంత్రం వస్తూ కొత్త కత్తి కొన్నాను.

శనివారం, 10

మిట్టమధ్యాహ్నం నా మీద ఫిర్యాదు పెట్టాడట! ఆస్పత్రి మంచం మీంచి! తను పోతానని చెప్పాక కూడా కొట్టానని. గడగడ పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ఎంత పొగరు చూడు వెధవకి. మంచినీళ్లు పట్టించిన చేతినే కరుస్తాడా!

క్యాంటీన్లో గొడుగు వకీలు కనబడ్డారు. ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా గొడుగు వదలరాయన. పెద్దమనిషి, ఎవరడిగినా ఓపిగ్గా చెబుతారు. నేను టీ తెచ్చి ఆయన ముందు పెట్టి కూర్చున్నాను.

"వకీలు గారూ, మా స్నేహితురాలింట్లో దొంగ పడ్డాడండీ."

"మీ ఇంట్లో పడ్డాడు కదమ్మా?"

"ఆవిడింట్లో కూడా."

"ఈ ఊరి దొంగలకి టైపిస్టులన్నా, టైపిస్టుల స్నేహితులన్నా ఎంత ఇష్టమో" అని టీ ఊదుకున్నారు. "సరే, చెప్పండి."

"ఎప్పటిదాకా కొట్టొచ్చండీ?"

"మీదకొస్తుంటే కొట్టొచ్చు. వస్తాడని భయపడటానికి కారణం ఉన్నా కొట్టొచ్చు. దెబ్బ కొంచెం గట్టిగా పడిందనుకోండి, దాన్ని బంగారం తూచినట్టు తూచరు. ఆ కంగారులో ఎవరు మాత్రం లెక్క చూసుకుంటారు? కానీ అమ్మా, భయం ఉన్నంతసేపే హక్కు. వాడు 'పోతున్నాను' అన్నాక, మన భయం పోయాక వేసిన దెబ్బ ఆత్మరక్షణ కాదు. అది మన సొంత దెబ్బ."

"సొంత దెబ్బకి ఏమవుతుంది?"

"ఎముక విరిగితే కేసవుతుంది. ఉద్యోగస్తురాలైతే సస్పెండ్ చేస్తారు."

"దొంగ దగ్గర కత్తి ఉంటే?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "కత్తి ఉంటే మీ స్నేహితురాలు హాయిగా నిద్రపోవచ్చు. రెండు కాదు, నాలుగు వేసినా అడిగే నాథుడు లేడు. వాడికి మాత్రం, ఉత్తి చేతులతో వస్తే ఏడాది పడేది, ఏడేళ్లు పడుతుంది."

రెండని నేను అనలేదే. ఆయనే ఎందుకన్నారు?

ఆదివారం, 11

దెబ్బ ఒక్కటే. ఒక్కటే అనుకుంటాను.

సోమవారం, 12

ఇవాళంత సంబరం ఈ వీధిలో ఎప్పుడూ చూడలేదు. టీచరమ్మ పట్టుబట్టి, బడి ఆవరణలో ఆడవాళ్లందర్నీ పోగేసింది, నేను ఆత్మరక్షణ నేర్పాలట! పదకొండు మంది వచ్చారు, ఎవరి దుప్పటి వాళ్లు తెచ్చుకుని. అత్తయ్యని కుర్చీతో సహా మోసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. దొంగ వేషం టీచరమ్మ మొగుడికి పడింది. పాపం ఆయన బ్యాంకు మేనేజరు, రుమాలు కట్టుకుని నిలబడ్డాడు.

"దుప్పటి తడిగానే ఉండాలా అండీ?"

"పొడిదైతే ఎగిరిపోతుంది. తడిదైతే అతుక్కుంటుంది."

"మరి దొంగొస్తున్నాడని తెలిసి ముందే తడిపి పెట్టుకోవాలా?"

"సింగిలు చాలా, డబులుండాలా?"

నాకేం తెలుసు, నేనేమన్నా పుట్టినప్పట్నుంచీ దొంగల మీద దుప్పట్లు విసురుతున్నానా? అయినా తొణక్కుండా చెప్పాను. ముందు గట్టిగా అరవాలి, ఇరుగుపొరుగుకి వినపడేటట్టు. వాడికీ తలుపుకీ మధ్య మనం నిలబడకూడదు, వాడు పారిపోతే మనం గెలిచినట్టే. పోతానంటే దారివ్వాలి. వస్తువు పోతే పోయింది, మనిషి మిగలాలి.

"ఎన్ని దెబ్బలు వెయ్యాలండీ?" అంది పైవాటాలో ఉండే నర్సు.

"ఒకటి" అన్నాను.

"రెండు!" అంది అత్తయ్య, కుర్చీలోంచి, బడి గంట మోగినట్టు.

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పదకొండు దుప్పట్లూ వరసగా బ్యాంకు మేనేజరు మీద పడ్డాయి. ఆయన లోపల్నుంచి "ఊపిరి, ఊపిరి" అంటున్నా ఎవరూ వినిపించుకోలేదు.

మంగళవారం, 13

కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన కానిస్టేబులు. చేతికి కట్టు. దుప్పటి లేకుండా వాడి మొహం సరిగ్గా చూడటం ఇదే మొదలు. నలభై దాటి ఉంటాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు! లేచి, బాగున్న చేత్తో నమస్కారం పెట్టాడు.

"ఫిర్యాదు పెట్టినవాడివి, నమస్కారాలెందుకు?" అన్నాను.

"ఫిర్యాదు ఫిర్యాదేనమ్మా, మర్యాద మర్యాదే. మంచినీళ్లిచ్చారు కదా."

నేను కదలబోయాను. వాడు గొంతు తగ్గించాడు. "ఆ కత్తి నాది కాదమ్మా. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, చాకు కూడా పట్టుకెళ్లలేదు. నాకంటూ ఓ పద్ధతుంది. కత్తి పట్టుకెళితే కొంప మునుగుతుందని నాకు తెలీదా? ఏడేళ్లంటున్నారు. బయటికొచ్చేసరికి నేను కిటికీ కూడా ఎక్కలేను."

"ఎక్కకు."

"ఎక్కనులెండి. కానీ ఏడేళ్లమ్మా."

కానిస్టేబులు వాడి భుజం తట్టి కూర్చోబెట్టాడు. విరిగిన భుజం. వాడు కుయ్యిమన్నాడు. నేను ఆఫీసులోకి వచ్చి మధ్యాహ్నం దాకా ఒక్క పేజీ కూడా తప్పుల్లేకుండా కొట్టలేకపోయాను.

బుధవారం, 14

ఇంక ఈ డైరీకి కూడా అబద్ధం చెబితే నా అంత దండగమనిషి ఉండదు. రాసేస్తున్నాను.

కిటికీలోంచి దిగినప్పుడు వాడు నన్ను చూడలేదు. వసారాలోకి వచ్చి చూశాడు. అప్పుడు నాకు భయమేసింది, నిజంగానే. దుప్పటి విసిరాను. వాడు తడబడి నా వైపే తూలాడు. పీటతో కొట్టాను. అది మొదటి దెబ్బ, వీపు మీద పడింది. వాడు మోకాళ్ల మీద కూలబడి, దుప్పట్లోంచే, "అమ్మా, పోతున్నానమ్మా, దారి చూపించండి, పోతాను" అన్నాడు. అప్పటికి నా భయం పోయింది. ఎంత పోయిందంటే, వాడి చెప్పులు తెగి ఉన్నాయని కూడా గమనించాను.

అప్పుడు హాలు తలుపులోంచి అంతా చూస్తున్న అత్తయ్య కేక: "ఇంకోటి వెయ్యవే!"

వేశాను. ఎముక విరిగింది దానికే. భయంతో కాదు, కోపంతో కూడా కాదేమో. మా ఆయన పోయి ఆరేళ్లయింది, ఆరేళ్లుగా తలుపులన్నీ రెండేసి సార్లు చూసుకుని పడుకుంటున్నాను. ఆ దెబ్బతో ఆ ఆరేళ్లూ దిగిపోయినట్టు హాయిగా అనిపించింది. అదీ నిజం.

కత్తి మాదే. మొదటి రోజే తెలుసు నాకు. పిడి కాల్చిందే నేను.

రేపు అత్తయ్యని అడుగుతాను.

గురువారం, 15

అడిగాను. "అత్తయ్యా, మన కత్తి పోలీసులకి మీరిచ్చారా?"

"ఏంటే?"

కుడి చెవి వైపుకెళ్లి మళ్లీ అడిగాను. తప్పించుకోవడానికి ఇంకో చెవి లేదు.

"ఇచ్చాను. అయితే ఏం? 'వాడి చేతిలో ఏమన్నా ఉందా పెద్దమ్మా' అని అడిగారు. లేదంటే, మరి అంతలా ఎందుకు కొట్టిందని నిన్ను పట్టుకుపోరూ? నువ్వా, అక్కడ వాడికి నీళ్లు పడుతున్నావు, తల్లిలాగా. లేచి వెళ్లి తెచ్చిచ్చాను."

"వంటింటిదాకా? వాకరు లేకుండానా?"

"గోడ పట్టుకుని."

రెండేళ్లుగా ఈ మనిషి వంటింటి మొహం చూడలేదు. హాల్లోంచి పంతొమ్మిది అడుగులు, తిరిగి పంతొమ్మిది. పడి ఉంటే?

"వాడికి ఏడేళ్లు పడుతుంది అత్తయ్యా, మన ఉల్లిపాయల కత్తికి."

"పడనీ. దొంగ వెధవేగా."

"చెయ్యని పనికి."

ఆవిడ కాసేపు చీర అంచు మడతలు పెట్టుకుంది. "నా కొడుకు పోయాక నువ్వు మీ వాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, నేను కూడా. వెళ్లలేదు. ఇప్పుడు ఎవడో వచ్చి నిన్ను తీసుకుపోతానంటే నేను చూస్తూ కూర్చుంటానా? నీకేమన్నా అయితే నా కూతురు నన్ను తీసుకెళ్లి ఆ నాలుగో అంతస్తు ఫ్లాట్లో పడేస్తుంది. అక్కడ మాట్లాడటానికి ఫ్రిజ్జు తప్ప ఎవరుంటారే?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అయినా చెప్పాను, కోర్టులో నిజం చెబుతానని.

చెయ్యి లాక్కుంది. "చెప్పు. పోయి గోతిలో పడు. ఇహ నాతో మాట్లాడకు."

శుక్రవారం, 16

గొడుగు వకీలుకి అంతా చెప్పాను, స్నేహితురాలు లేకుండా. ఆయన ఆశ్చర్యపోయినట్టు నటించారు, పాపం. విచారణ మొదలవకముందే మనంతట మనం దిద్దుకుంటే పెద్దావిడ వయసు చూసి కత్తి సంగతి వదిలేయవచ్చట. "కానీ రెండో దెబ్బకి మీకు అడ్డం ఏమీ ఉండదు. ఉన్న ఒక్క గొడుగూ మీరే మూసేస్తున్నారు" అన్నారు.

అత్తయ్య కేక సంగతి ఆయనకి చెప్పలేదు. అది ఎవరికీ చెప్పను. కొట్టమని పురిగొల్పినా కేసే అని వందసార్లు టైపు చేశాను. కత్తి ఒక్కటి చాలు ఆవిడకి. దెబ్బ నాది.

ఆదివారం, 18

మూడు రోజులుగా ఉప్పు గురించి ఒక్క మాట లేదు. ఇవాళ కావాలనే రెండింతలు వేశాను. కిక్కురుమనకుండా తింది. ఇల్లు ఇల్లులా లేదు.

సోమవారం, 19

పొద్దున్నే అత్తయ్య మంచి చీర కట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. "నేనూ వస్తున్నాను" అంది. నాతో కాదు, గోడతో.

పక్క కోర్టు హాలు కిటకిటలాడింది. మా వీధి పదకొండు మందీ వచ్చారు, దుప్పట్లు లేకుండా. మేజిస్ట్రేటు గారు కూడా ఆడమనిషే, చూపు పదునైనావిడ. టైపు మిషను ముందు గడగడ, నన్ను చూసి కళ్లతోనే ధైర్యం చెప్పింది. ముప్పై ఏళ్లు మిషను వెనక కూర్చున్నదాన్ని, బోనులో నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చెప్పాను. కత్తి మాదని చెప్పాను. మా అత్తయ్య నా మీది బెంగతో తెచ్చిచ్చిందని, దొంగ ఉత్తి చేతులతోనే వచ్చాడని చెప్పాను. ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది. వాడు పోతానన్నాడనీ, ఆ తర్వాత రెండో దెబ్బ వేశాననీ చెప్పాను. గడగడ వేళ్లు ఆగిపోయాయి. "కొట్టమ్మా, ఆపకు" అన్నారు మేజిస్ట్రేటు గారు దానితో.

"అప్పుడు మీకు ప్రాణభయం ఉందా?"

"లేదండీ."

"మరి రెండో దెబ్బ ఎందుకు వేశారు?"

కోపం వచ్చిందండీ అందామనుకున్నాను, అదే అనుకుని వచ్చాను. నోరు తెరిచాను.

"నేనే వెయ్యమన్నాను!"

హాలంతా వెనక్కి తిరిగింది. అత్తయ్య లేచి నిలబడి ఉంది, టీచరమ్మ భుజం పట్టుకుని. ఇంత దూరం నుంచి ఆ ప్రశ్న ఆవిడకి ఎలా వినపడిందో, ఆ కుడి చెవికే తెలియాలి.

"కూర్చోండి పెద్దమ్మా, మిమ్మల్ని తర్వాత..."

"నేనే అరిచానమ్మా, ఇంకోటి వెయ్యవే అని! అది వేసింది. ఇరవై ఎనిమిదేళ్లలో అది నా మాట విన్నది ఆ ఒక్కసారే! దానికి కూడా శిక్ష వేస్తారా?"

హాలు గొల్లుమంది. మేజిస్ట్రేటు గారు కాగితాల మీదకి వంగిపోయారు, భుజాలు కదులుతున్నాయి. "ఇది కూడా టైపు చెయ్యాలా అండీ?" అంది గడగడ. "అక్షరం పోకుండా" అన్నారు ఆవిడ, తలెత్తకుండానే.

బోనులో నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, రెండూ కలిసిపోయాయి.

మిట్టమధ్యాహ్నం చెయ్యెత్తాడు. "నేనూ విన్నానండీ ఆ కేక, దుప్పట్లోంచి. ఈవిడ చెయ్యి దానికి ఉలిక్కిపడి లేచిందండీ, కావాలని కాదు. కత్తి నాది కాదని తేలింది, నాకంతే చాలు. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండీ."

ఉలిక్కిపడి కాదు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "కావాలనే వేశానండీ" అన్నాను. గొడుగు వకీలు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు.

మేజిస్ట్రేటు గారు తలెత్తారు. కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని మాట్లాడారు. దొంగ మీద కత్తి ఆరోపణ కొట్టేశారు, చొరబాటు కేసు మాత్రం నడుస్తుందన్నారు. రెండు దెబ్బలూ ఒక్క ఊపులో పడ్డాయి, భయం తగ్గడానికి కూడా మనిషికి ఓ నిమిషం పడుతుంది, అది తగ్గిందని ఈవిడ అనుకుంటున్నారు గానీ నేను నమ్మలేను అన్నారు. ఫిర్యాదు ముగిసిందన్నారు. ముందూ వెనకా వాకబు చెయ్యకుండా కత్తి స్వీకరించినందుకు ఇన్‌స్పెక్టరుకి నాలుగు అంటించారు. అత్తయ్యని లేవమని, "పెద్దమ్మా, ఇకమీదట పోలీసులకి మీ ఇంటి సామాన్లు ఇచ్చారో, నేను ఊరుకోను" అన్నారు. అత్తయ్య ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పి చేతులు జోడించింది.

"ఇంక వెళ్లండి ఇంటికి."

మెట్లు దిగుతుంటే అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఏమందే ఆవిడ?"

"ఇంటికి వెళ్లమంది అత్తయ్యా."

రెండు మెట్లు దిగి ఆగిపోయింది. నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"ఇద్దర్నీనా?"

"ఇద్దర్నీ" అన్నాను, కుడి చెవిలో.